కుక్క అదే పనిగా పాదాలు నాక్కుంటోందంటే అది అలవాటా, జబ్బా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ నాలుగేళ్ల లాబ్రడార్ కొన్ని నెలలుగా రాత్రిపూట ముందు కాళ్ల పాదాలను అదే పనిగా నాక్కుంటోంది, అప్పుడప్పుడు నేలను కూడా నాకుతోంది, అదిలిస్తే కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడుతోంది. తోచక చేస్తోందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇది నిజంగా అలవాటేనా, మాన్పించడం ఎలా, మీ నాన్నగారి కాళ్లను కూడా నాకుతుంది కాబట్టి ఆయనకేమైనా ప్రమాదం ఉందా అని మీరు అడిగారు.

నేను పశువైద్యుడిని. నా దగ్గరికి వచ్చే కుక్కల్లో చాలా భాగం చర్మ సమస్యలతోనే వస్తాయి. ముందుగా సూటిగా చెప్పవలసిన మాట: అది అలవాటని ఇప్పుడే తేల్చేయకండి. ఈ వయసు కుక్క రెండు ముందు పాదాలనూ నాక్కుంటోందంటే మొదట అనుమానించవలసింది దురదను, ఆ దురద వెనుక ఎక్కువసార్లు ఉండేది అలర్జీ. తోచకపోవడం, బెంగ, భయం వల్ల నాక్కునే కుక్కలు లేవని కాదు. కానీ శరీరంలో కారణమేదీ లేదని చూసుకున్న తర్వాతే ఆ నిర్ణయానికి రావాలి. కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని నాకుడును ఆపించడం కాదు. అది ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు నాకుతోందో గమనించి, ఆ వివరాలతో వెటర్నరీ డాక్టరుకు చూపించడం.

రాత్రిపూటే నాక్కుంటోంది కాబట్టి తోచకేనని అనుకోవడం సహజమే. అయితే పగలు ఇంట్లో మనుషుల అలికిడి, ఆట, నడక, తిండి వేళలు దాని దృష్టిని మళ్లిస్తూ ఉంటాయి. అన్నీ సద్దుమణిగాక దానికి మిగిలేది దురద ఒక్కటే. ఒంటి మీద దద్దుర్లు వచ్చిన మనిషికి కూడా పక్క మీద పడుకున్నాకే గోకుడు ఎక్కువవుతుంది. పైగా నాకుడుకు తనను తానే పెంచుకునే గుణం ఉంది: ఎడతెగని తడికి వేళ్ల సందుల్లోని చర్మం నాని పలచబడుతుంది, ఆ తడిలో బ్యాక్టీరియా, ఈస్ట్ అనే సూక్ష్మమైన శిలీంధ్రం పెరుగుతాయి, వాటివల్ల దురద రెట్టింపవుతుంది, కుక్క ఇంకా ఎక్కువగా నాకుతుంది. అలవాటే కదా అని నెలల తరబడి వదిలేసినప్పుడు, మొదట చిన్నదిగా ఉన్న కారణం మీద ఈ రెండో జబ్బు పేరుకుపోయి వైద్యం కష్టమవుతుంది.

మీరు రేపు పగటి వెలుతురులో ఒక పని చేయండి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, పాదాన్ని మెత్తగా పట్టుకుని, ఒక్కొక్క వేలి సందునూ పైనుంచి ఒకసారి, కింద మెత్తల వైపునుంచి ఒకసారి విడదీసి చూడండి. లేతరంగు వెంట్రుకలు తుప్పు రంగుకు మారి ఉంటే అది రక్తం కాదు. లాలాజలంలోని పోర్ఫిరిన్ అనే పదార్థాలు పట్టి వచ్చిన రంగు, నాకుడు చాలాకాలంగా సాగుతోందనడానికి గుర్తు. గోరు మొదట్లో జిడ్డుగా గోధుమరంగు మష్టు పట్టి ఉండి, పాదం నుంచి పులిసిన వాసన వస్తూ ఉంటే మలసీజియా అనే ఈస్ట్ చేరిందని అనుమానించాలి. సందుల్లో ఎర్రదనం, చిన్న పొక్కులు, చీము, జుట్టు ఊడిన చోట్లు, చీలిన గోరు, మెత్తల మీద పగుళ్లు ఏమున్నా ఫోటో తీసి పెట్టుకోండి. ముట్టుకోగానే కాలు లాక్కున్నా, గుర్రుమన్నా అక్కడితో ఆపేయండి. అది నొప్పికి గుర్తు, మిగిలినది డాక్టరు చూసుకుంటారు.

రెండు పాదాలా, ఒకటేనా అన్నది చాలా ముఖ్యమైన తేడా. అలర్జీ ఒంటికంతటికీ సంబంధించినది కాబట్టి సాధారణంగా రెండు వైపులా కనిపిస్తుంది. ఒకే పాదాన్ని, అందులోనూ ఒకే వేలిని పట్టుకుని నాక్కుంటోందంటే ఆ చోటులోనే ఏదో ఉందని అర్థం: ముల్లు, గడ్డి ముక్క, విరిగిన గోరు, పెద్ద వయసు కుక్కలో అయితే కణితి కూడా కావచ్చు. బద్ధకం వల్ల నాక్కుంటోందని చెప్పి ఒక కుక్కను నా దగ్గరికి తీసుకువచ్చారు. వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించి చూస్తే గుండుసూది మొనంత రంధ్రం, దానిలోంచి గులాబీ రంగు నీరు ఊరుతూ ఉంది. మత్తు ఇచ్చి లోపల వెతికితే గడ్డి గింజ తాలూకు నూగు ఒకటి దొరికింది. అటువంటి నూగు ముందుకే దూసుకుపోతుంది గాని వెనక్కి రాదు, అందువల్ల దానంతట అది బయటపడుతుందని ఎదురుచూసి లాభం లేదు. అది తీసిన తర్వాత ఆ కుక్క కాలి వంక చూడనేలేదు.

మిగిలిన చోట్ల గురించి కూడా క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇదే ప్రశ్న వేరే కుక్క విషయంలో ఉన్నవారు కూడా చదువుతారు. నడుము వెనుక భాగం, తోక మొదలు దగ్గర కొరుక్కుంటూ నాక్కుంటే ఫ్లీలను, అంటే వెంట్రుకల మధ్య దూకుతూ తిరిగే రెక్కల్లేని రక్తం పీల్చే పురుగులను, మొదట అనుమానించాలి. తోక కింద నాక్కుంటూ పిర్రలను నేలకు ఈడుస్తుంటే మలద్వారానికి ఇరువైపులా ఉండే గ్రంథులు నిండిపోయి ఉండవచ్చు. మూత్రద్వారం దగ్గర నాకుతూ మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, రాళ్లో ఉన్నాయేమో చూడాలి. వయసు మీదపడిన కుక్క ఒక కీలు మీదనే నాకుతూ ఉంటే ఆ కీలు నొప్పిగా ఉందేమో చూడాలి.

మీ కుక్క విషయంలో అలర్జీని నిర్ధారించడానికి ఒక క్రమం ఉంది, దాన్ని తారుమారు చేస్తే డబ్బు, కాలం రెండూ వృథా అవుతాయి. మొదట పరాన్నజీవులను, తర్వాత ఇన్ఫెక్షన్లను తొలగించుకుని, ఆ తర్వాతే అలర్జీ వైపు వెళ్లాలి. పురుగు కంటికి కనబడలేదంటే లేదని కాదు. సన్నపళ్ల దువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్లటి నలకలను తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రగా మరక పాకితే అది ఫ్లీల మలం, అంటే అవి తాగి అరిగించుకున్న రక్తం. ఇంట్లో ఉండే ఫ్లీలలో కుక్క ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు సుమారు 5 శాతమే. మిగిలినవి గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా పక్కల్లో, నేల సందుల్లో ఉంటాయి. అందుకే ఒకసారి మందు వేసి ఊరుకుంటే సరిపోదు. ఇంట్లోని పెంపుడు జంతువులన్నిటికీ కనీసం మూడు నెలలు వరుసగా మందు వాడాలి, పక్కలు వేడినీళ్లతో ఉతకాలి. పిల్లి కూడా ఉంటే, కుక్కకు వేసే పెర్మెత్రిన్ మందు దాని దగ్గరికి చేరనీయకండి. పిల్లికి అది ప్రాణాంతకం. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పండి, కొన్ని రకాల ఫ్లీ మాత్రలు అటువంటి కుక్కలకు తగవు.

ఈస్ట్, బ్యాక్టీరియా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి వేళ్ల సందుకు పారదర్శకమైన టేపును అంటించి తీసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కొద్ది నిమిషాల పని, కుక్కకు నొప్పి ఉండదు. డెమోడెక్స్ అనే మైట్ల, అంటే కంటికి కనబడనంత చిన్న పురుగుల, కోసం చర్మాన్ని కొద్దిగా గీకి చూస్తారు. ఈ రెండు పరీక్షలూ చేయకుండానే ఏడాదిపాటు మందులు మార్చిన కుక్కలు నా దగ్గరికి వస్తూ ఉంటాయి, అది చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఈస్ట్ కనిపిస్తే క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో పాదాలను వారానికి రెండు మూడుసార్లు కడగమని సాధారణంగా చెబుతాం. ఇక్కడ అందరూ తప్పిపోయే చోటు ఒకటుంది: నురుగు కనీసం 10 నిమిషాలు చర్మం మీద నిలవాలి, గడియారం చూసుకుని మరీ. ఆ తర్వాత బాగా కడిగి, వేళ్ల సందులు పూర్తిగా పొడిబారేలా తుడవాలి. తడిగా వదిలేస్తే కడగకపోవడమే నయం.

ఇవన్నీ చేసినా దురద మిగిలి ఉంటే అప్పుడు మిగిలేవి రెండు: గాలిలోని పుప్పొడి, దుమ్ములోని మైట్లు వంటివాటి మీద వచ్చే అటోపీ, తిండి మీద వచ్చే అలర్జీ. అటోపీ ఎక్కువ కుక్కల్లో ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య మొదలవుతుంది. పాదాలు, చెవులు, మూతి, చంకలు, గజ్జలు దాని చోట్లు. మీ కుక్కకు చెవులు మాటిమాటికీ చెడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. యజమానులు చెవిని ఒక జబ్బుగా, పాదాన్ని మరో జబ్బుగా చూస్తారు గాని చాలాసార్లు రెండూ ఒకటే. ఏడాదిలో కొన్ని నెలల్లోనే దురద ఎక్కువవుతుంటే గాలిలోని కారణం వైపు, ఏడాది పొడవునా ఒకేలా ఉండి దానితోపాటు విరేచనాలు, వాంతులు కూడా ఉంటే తిండి వైపు మొగ్గుతాం.

తిండి అలర్జీని రక్తపరీక్షతోగాని, వెంట్రుకల పరీక్షతోగాని, లాలాజల పరీక్షతోగాని నమ్మకంగా నిర్ధారించలేం. అటువంటి పరీక్షల మీద ఖర్చు పెట్టవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ చెబుతాను. నమ్మదగిన మార్గం ఒక్కటే: కుక్క ఎన్నడూ తినని మాంసకృత్తులతో చేసిన ఆహారాన్ని, లేదా ప్రొటీన్‌ను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన హైడ్రొలైజ్డ్ ఆహారాన్ని మాత్రమే 8 వారాలు పెట్టడం. మాత్రమే అన్నమాటను అక్షరాలా పాటించాలి. బిస్కెట్టు ముక్క, రుచి కలిపిన పురుగుల మాత్ర, కుక్కల టూత్‌పేస్ట్, మరో కుక్క గిన్నెలో మిగిలినది, భోజనాల బల్ల కింద పిల్లలు జారవిడిచిన ముద్ద, వీటిలో ఏ ఒక్కటైనా ఆ 8 వారాల శ్రమనూ చెడగొడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ముద్దుచేసి పెడుతుంటే వారిని కోప్పడకుండా, అదే ఆహారంలోంచి రోజువారీ కొన్ని గుళికలు తీసి ఒక డబ్బాలో వేసి, ఏం పెట్టినా అందులోంచే పెట్టమని ఇవ్వండి. తగ్గిన తర్వాత పాత తిండిని మళ్లీ పెట్టి చూడాలి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. పాత తిండితో రెండు వారాల లోపే దురద తిరగబెడితేనే తిండి అలర్జీ అని గట్టిగా చెప్పగలం, లేకపోతే ఈ మధ్యలో ఋతువు మారి తగ్గిందేమో చెప్పలేం.

అటోపీ అయితే అది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోగలిగిన జబ్బు. ఒక్లాసిటినిబ్ మాత్రలు ఒకటి రెండు రోజుల్లోనే దురదను తగ్గిస్తాయి, అయితే ఏడాది నిండని కుక్కలకు ఇవ్వరు. లొకివెట్‌మాబ్ అనే ఇంజెక్షన్ దురదను మోసుకెళ్లే ఇంటర్‌ల్యూకిన్ 31 అనే సంకేతాన్ని అడ్డుకుంటుంది, ఒకసారి వేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. స్టెరాయిడ్లు తక్కువ ఖర్చుతో త్వరగా పనిచేస్తాయి, కొద్ది రోజులకు వాటిని నేనూ రాస్తాను. నెలల తరబడి వాడితే మాత్రం దాహం, ఆకలి, బరువు, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. ఏది తగినదో మీ కుక్క వయసు, ఇతర జబ్బులు చూసి డాక్టరు నిర్ణయించాలి. మీ ఇంట్లో ఉన్న మనుషుల మందులను, ముఖ్యంగా పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలను, సొంతంగా ఇవ్వవద్దు.

ఇక నేలను నాకడం గురించి. దీన్ని పాదాల నాకుడుతో కలిపేయకుండా విడిగా చూడాలి. నేల, గోడ, సోఫా వంటివాటిని అదే పనిగా నాకే కుక్కలను మాంట్రియల్ విశ్వవిద్యాలయం పశువైద్యులు పరీక్షించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, అటువంటి 19 కుక్కల్లో 14 కుక్కలకు జీర్ణకోశంలో ఏదో ఒక లోపం బయటపడింది. దానికి వైద్యం చేసిన తర్వాత చాలా కుక్కల్లో ఆ నాకుడు తగ్గింది. చిన్న అధ్యయనమే అయినా, నేను చూసే కుక్కలతో అది సరిపోతోంది. తిన్న కొద్దిసేపటికి గోడ దగ్గరికి వెళ్లి నాకడం మొదలుపెట్టే ఒక కుక్క విషయంలో, నాకే ముందు అది పెదవులు నాక్కుంటూ గుటకలు మింగడం యజమానులు తీసిన వీడియోలో స్పష్టంగా కనబడింది. అవి కడుపులో తిప్పుతోందనడానికి గుర్తులు. తిండిని చిన్న భాగాలుగా చేసి, కడుపుకు వైద్యం చేస్తే గోడ నాకడం తగ్గుతూ వచ్చింది. మీ కుక్క నేలను నాకేటప్పుడు ఇలా గుటకలు మింగుతోందా, గడ్డి మేస్తోందా, తెల్లవారుజామున నురుగు కక్కుతోందా అని చూడండి. గాలిని నాకుతూ, పిలిచినా పలకకుండా శూన్యంలోకి చూస్తూ ఉంటే అది ఒక రకం మూర్ఛ కూడా కావచ్చు, అప్పుడు వీడియో తీసి వెంటనే చూపించండి.

లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో మరో సంగతి ఉంది కాబట్టి చెబుతున్నాను. ముందు కాలి మణికట్టు పైభాగాన ఒకే చోట నాకి నాకి, వెంట్రుకలు రాలి, చర్మం దళసరిగా, గట్టిగా, మధ్యలో పచ్చిపుండుగా తయారవుతుంది. దీన్ని లిక్ గ్రాన్యులోమా అంటారు. 1992లో అమెరికాలో మానసిక వైద్యురాలు జుడిత్ రాపొపోర్ట్ బృందం ఇలా నాక్కునే కుక్కలకు మనుషుల్లో అతిగా చేతులు కడుక్కోవడం వంటి మానసిక సమస్యకు వాడే క్లోమిప్రమిన్ ఇచ్చి, నాకుడు తగ్గడం చూపించింది. అది విలువైన ఫలితమే. అయితే దాన్ని పట్టుకుని ప్రతి లిక్ గ్రాన్యులోమానూ మనసు జబ్బుగా చూడటం సరికాదు. పుండు లోతుల్లో బ్యాక్టీరియా ఉంటుంది, దానికి వారాల తరబడి యాంటీబయాటిక్ కావలసి వస్తుంది, కింద కీళ్లవాపు ఉండవచ్చు, అలర్జీ ఉండవచ్చు. అందుకే నేను ఆ కాలికి ఎక్స్‌రే తీయించి, పుండు నుంచి ముక్క తీసి కల్చరుకు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు, పంపి, ఆ తర్వాతే మనసు మందుల మాట ఎత్తుతాను. మీ కుక్కకు ఇంకా ఆ పరిస్థితి రాలేదనిపిస్తోంది. రాకముందే చూపించమని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

శరీరంలో ఏమీ లేదని తేలితే అప్పుడు మనసు సంగతి. ఒంటరిగా వదిలినప్పుడే నాక్కుంటుందా, టపాసుల వంటి పెద్ద చప్పుళ్ల తర్వాతా, ఇంట్లో కొత్త మనిషి వచ్చినప్పటినుంచా? తిండి, ఆట, నిద్ర కూడా మానుకుని నాకుతుంటే, పిలిచినా ఆపలేకపోతుంటే అది నిర్బంధ ప్రవర్తన స్థాయికి వచ్చినట్టు. వాసన చూసి వెతుక్కునే ఆటలు, రోజూ ఒకే వేళకు నడక, నమలడానికి సురక్షితమైన వస్తువు చాలా కుక్కలకు మేలుచేస్తాయి. అవసరమైన వాటికి ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ వంటి మనసు మందులు ఇస్తాం, అవి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అదిలించడం మాత్రం మానేయండి. దురదతో నాక్కునే కుక్కను కసిరితే దురద పోదు. అది మీకు కనబడకుండా మంచం కింద దూరి నాక్కుంటుంది, లేదా నాకితే చాలు మీరు తన వంక చూస్తారని నేర్చుకుంటుంది. నాకుతున్నప్పుడు ఏమీ అనకుండా పేరుపెట్టి పిలిచి, మరో పని చెప్పి, ఆ పని చేసినందుకు మెచ్చుకోండి. చేదు స్ప్రేలు దురద ఉన్న కుక్కను ఎక్కువసేపు ఆపలేవు, పచ్చిచర్మం మీద మండుతాయి కూడా. పాదానికి గుడ్డ చుట్టి రాత్రంతా వదిలేస్తే లోపల చెమ్మ పట్టి ఈస్ట్ మరింత పెరుగుతుంది, కుక్క ఆ గుడ్డను కొరికి మింగే ప్రమాదమూ ఉంది. డాక్టరును కలిసేలోగా నాకుడును ఆపక తప్పదనుకుంటే మెడకు కోన్, అంటే తల చుట్టూ గరాటులా నిలిచే పట్టీ, కట్టండి. దాని అంచు మూతికన్నా కొద్దిగా ముందుకు ఉండాలి, తినడానికి, తాగడానికి వీలవుతోందో చూడాలి. నడక నుంచి వచ్చాక పాదాలను మంచినీళ్లతో కడిగి పొడిగా తుడవడం మాత్రం ఈరోజే మొదలుపెట్టవచ్చు. రోజూ రాత్రి దురదకు సున్నా నుంచి పదివరకు ఒక అంకె వేసి రాసిపెట్టుకోండి. మందు పనిచేస్తోందా లేదా అన్నది జ్ఞాపకంకన్నా ఆ కాగితం బాగా చెబుతుంది.

గంటల వ్యవధిలో పాకే తడి పుండు, కుంటడం, చీము, వాచిన వేలు, మగకుక్కలో అంగం లోపలికి వెళ్లకుండా బయటే ఉండిపోవడం, ఉన్నట్టుండి ఆగకుండా గుటకలు మింగుతూ కక్కడానికి ప్రయత్నించి కక్కలేకపోవడం, పొట్ట ఉబ్బడం, ఇవి ఎదురుచూసే లక్షణాలు కావు. ముఖ్యంగా చివరి రెండూ కలిసి కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, కడుపు మెలిపడి ఉండవచ్చు.

మీ నాన్నగారి విషయం. కాళ్ల చర్మానికి గాయం, పగులు లేకపోతే, కుక్కకు రేబిస్ టీకా సక్రమంగా వేయిస్తుంటే, నాకినందువల్ల భయపడవలసినది లేదు, సబ్బుతో కడుక్కుంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గాయం లేని చర్మాన్ని నాకడాన్ని రేబిస్ చికిత్స అక్కరలేని మొదటి తరగతిలోనే ఉంచింది. కానీ టీకా లేని, తెలియని కుక్క పచ్చిగాయాన్నిగాని, కంటినిగాని, నోటినిగాని నాకితే అది మూడో తరగతి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ కుక్క అయినా సరే, నాన్నగారికి మధుమేహం వల్ల మానని పుండు ఉంటే దాన్ని నాకనీయకండి. కుక్క లాలాజలానికి సూక్ష్మజీవులను చంపే గుణం కొద్దిగా ఉన్న మాట నిజమే గాని, దానితోపాటు వచ్చే బ్యాక్టీరియా అంతకన్నా ఎక్కువ. అందులో క్యాప్నోసైటోఫాగా అనేది ప్లీహం తీసేసినవారికి, క్యాన్సర్ మందులు వాడుతున్నవారికి, అతిగా మద్యం తాగేవారికి అరుదుగా ప్రాణాపాయం తెస్తుంది.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. కుక్కలు మనుషుల కాళ్లు నాకడానికి ప్రేమ, చెమటలోని ఉప్పు ఎంత కారణమో, ఆ కాలికి రాసుకున్న క్రీము కూడా అంతే కారణం కావచ్చు. కీళ్లనొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ కుక్క కడుపులో పుండ్లు తెచ్చి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయాల్, చర్మంపై కొన్ని కణితులకు వాడే 5-ఫ్లోరోయురాసిల్ కొద్ది మోతాదులోనే కుక్క ప్రాణం తీయగలవు. నాన్నగారు ఇటువంటిదేదైనా రాసుకుంటుంటే ఆ చోటును బట్టతో కప్పి ఉంచమనండి, ట్యూబును కుక్కకు అందని చోట పెట్టండి, కుక్క ఈపాటికే నాకి ఉంటే లక్షణాల కోసం ఆగకుండా ఆ ట్యూబును చేతిలో పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్లండి.